అరుణగిరిలో వాన పాఠం

భూమి లెక్కన 2094 ఆగస్టు తొమ్మిదో తేదీ ఉదయం. కుజగ్రహం మీది అరుణగిరి ఆవాసంలో, ఐదో తరగతి గదిలో ఉన్నవారు: పాఠశిల్పి యంత్రాన్ని రూపొందించిన డాక్టర్ వకుళ, ప్రధానోపాధ్యాయుడు పైడయ్య, భూమి నుంచి వచ్చిన మూల్యాంకన అధికారిణి కుముదవల్లి, ఎన్నడూ వాన చూడని పిల్లలు.

పాఠ్యప్రణాళికనూ పరీక్షాంశాలనూ అందిస్తే చాలు, పాఠశిల్పి యూనిట్‌ను పీరియడ్లవారీగా అల్లుతుంది. దాన్ని ముందుగా 'ఛాయాతరగతి'కి, అంటే పాత తరగతుల రికార్డుల నుంచి తాను కల్పించుకున్న విద్యార్థులకు బోధిస్తుంది. అందరూ ఉత్తీర్ణులయ్యేదాకా దిద్దుతూనే ఉంటుంది. వకుళ ఏడేళ్ల తపస్సు అది. ఈ రోజు అధికారిణి ఆమోదిస్తే అన్ని ఆవాసాల బడులకూ చేరుతుంది.

"వాన కురిసే ముందు ఏం జరుగుతుంది?" అని పైడయ్య అడగడమే ఆలస్యం, గదిలోని చేతులన్నీ లేచాయి. పిలిచిన ప్రతి పిల్లా తడుముకోకుండా జవాబిచ్చింది. గర్వంతో వకుళ కళ్లు చెమర్చాయి. అంతలోనే ఆ కళ్లు ఒక చోట ఆగిపోయాయి. కొందరు ఎత్తింది ఎడమ చెయ్యి. వాళ్లనెవరూ పిలవలేదు.

"శిల్పీ, ఎడమ చేతులవాళ్లను ఎందుకు వదిలేశారు?" అని ఆమె యంత్రాన్ని అడిగింది.

"వారికి జవాబు రాదండీ. తెలిసినవారు కుడి చెయ్యి, తెలియనివారు ఎడమ చెయ్యి ఎత్తాలి. యూనిట్‌లో మొదటి పీరియడ్ దాని సాధనే. మీరిచ్చిన రికార్డుల్లో తనిఖీ రోజులవే ఎక్కువ. వాటిలో అన్నిటికన్నా నమ్మకంగా ఫలించిన పద్ధతి ఇదే."

వకుళ పైడయ్య వైపు తిరిగింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. "యంత్రం చెప్పిందని చేయించానమ్మా. చిన్నప్పుడు మా బళ్లో మేమూ ఇలాగే ఎత్తేవాళ్లం. నాకేం కొత్తగా అనిపించలేదు."

కుముదవల్లి నవ్వేసింది. "మాకు తెలీదనుకున్నారా మాస్టారూ? వెళ్లిన ప్రతి బళ్లోనూ చూస్తూనే ఉన్నాం. గది నిండా చేతులుంటే మా రిపోర్టుకీ అందం. ఇలా ఇవ్వండమ్మా, సంతకం పెట్టేస్తాను."

వకుళ ఆమోదపత్రం ఇవ్వలేదు. ఎడమ చెయ్యి ఎత్తిన ఒక పిల్ల దగ్గరకు వెళ్లి అదే ప్రశ్న అడిగింది.

"నాకు తెలీదండీ," అంది ఆ పిల్ల బెదరకుండా. "అసలు అంత ఎత్తున నీళ్లెవరు పెట్టారండీ?"

"అదమ్మా పాఠానికి మొదలు!" పైడయ్య చప్పట్లు కొట్టాడు. మిగిలిన పిల్లలు కూడా, చేతులెత్తడం మానేసి, ఒకరి మీదొకరు పడి ప్రశ్నలు మొదలుపెట్టారు.

"ఈ ప్రశ్న దగ్గర మొదలుపెట్టి మళ్లీ అల్లగలవా?" అని వకుళ యంత్రాన్ని అడిగింది.

"అల్లగలను. కానీ ఛాయాతరగతిలో కొందరు తప్పుతారు."

"తప్పనీ."

ఆమె పత్రం మీద 'ఉపసంహరించుకుంటున్నాను' అని గుండ్రని అక్షరాలతో రాసింది.

"ఏడేళ్ల కష్టం కదమ్మా!" కుముదవల్లి విస్తుపోయింది.

"అవునండీ. మనం దాచుకున్నది మనకే చూపించేంత బాగా కుదిరింది."

ఏ పేటెంటు మీదా పెట్టనంత ఠీవిగా కింద సంతకం చేసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, సంచిలో భద్రపరిచింది.