రాళ్ల దారిలో నిద్ర

పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగిపోతాయేమోనని కంగారు పడటం ఆ తల్లికి అలవాటు. ఆ కంగారు చాలదన్నట్టు కిటికీలోంచి ఇంటి పక్క షెడ్డు వైపు చూసి ఇంకోటి కొని తెచ్చుకునేది. షెడ్డులో ట్రక్కు, ట్రక్కు కింద కూతురి కాళ్లు. ఆ కాళ్లు కదిలితే ఓ కేక, కదలకపోతే అంతకంటే పెద్ద కేక.

"ఏమేవ్! ఉన్నావా?"

"బతికే ఉన్నానమ్మా! పాలు చూసుకో!"

పాలు పొంగనే పొంగాయి.

కూతురు కొండ కింద లారీల షెడ్డులో మెకానిక్కు. వాళ్ల నానమ్మ ముద్దుగా పిడుగు అంటుంది. తండ్రి రాతి క్వారీలో పని, వారానికోసారి గానీ ఇంటికి రాడు. కొండ మీద ఇల్లు, కిందికి ఒకటే దారి. దాన్ని దారి అనడం కూడా మర్యాద కోసమే. వాన కోసేసిన గుంతలూ, గుంతల మధ్య ఏనుగు పిల్లల్లా కూర్చున్న బండలూను.

ఆ నానమ్మకి వెన్నుపూస చిట్లింది. వేసవిలో ఇదే ట్రక్కులో ఆసుపత్రికి బయలుదేరదీశారు. పెద్దబండ మలుపు దాకా వెళ్లేసరికి ఆమె పెట్టిన కేకలు తల్లి వినలేకపోయింది. "ఆపవే, ఆపు!" అంటూ తనే బండి వెనక్కి తిప్పించింది. ఆ రోజు నుంచీ ముసలామెది ఒకటే మాట. "ఈ మంచం మీదే పోతాను గానీ మళ్లీ ఆ బండి ఎక్కను." ఇంకా ఆలస్యమైతే ఆమె లేచి కూర్చోవడం కల్ల అని డాక్టరు కబురు పెట్టాడు.

అప్పటి నుంచీ పిడుగు సెలవన్నది లేకుండా ఆ ట్రక్కు కిందే కాపురం పెట్టింది. పాత స్ప్రింగులు పీకి పారేసింది. కుదుపుల్ని మింగేసే, మోచెయ్యంత పొడవున్న షాకులు బిగించింది. బండి ఎత్తు పెరిగింది. తల్లికి గుండెదడ పెరిగింది. ఎత్తు బండి అంటే బోర్లా పడే బండి అని ఆమె లెక్క.

ఈ రోజే మళ్లీ ఆసుపత్రికి ప్రయాణం. పిడుగు స్నానానికి వెళ్లగానే తల్లి షెడ్డులోకి నడిచింది. ఒక్కసారి కళ్లారా చూసుకుంటే మనసు కుదుటపడుతుందనుకుంది. వంగి చూస్తే కుదుటపడేదేమీ కనబడలేదు. వెనక చక్రం లోపలి వైపు, ఇరుసు నుంచి పైన చట్రానికి ఒక నల్లటి బెల్టు వదులుగా వేలాడుతోంది.

'అమ్మో! ఇది టైరుకి చుట్టుకుంటే ఇంకేమన్నా ఉందా!'

ఆమె గుడారాలు, లారీల టార్పాలిన్లు కుట్టే మనిషి. ఇంట్లో పెద్ద కత్తెరకి కొదవలేదు. బెల్టు గట్టిదే, ఓ పట్టాన తెగలేదు. అయినా పట్టు వదలకుండా కోసేసింది. ఒక గండం గడిపించానన్న తృప్తితో చేతులు దులుపుకుని, వచ్చి అత్తగారికి జడ వేసింది.

కాసేపటికి షెడ్డు దద్దరిల్లింది.

"అమ్మా! ఈ బెల్టు ఎవరు కోశారు?"

తల్లి దువ్వెనతోనే పరిగెత్తింది. జాకీ పెట్టి లేపిన బండి పక్కన పిడుగు నిలబడి ఉంది, తడి జుట్టుతో, తెగిన బెల్టు చేత్తో పట్టుకుని.

"నేనే కోశాను. వేలాడుతోంది. చక్రానికి చుట్టుకుంటే మీ నానమ్మతో సహా లోయలో పడేదానివి."

"అది వేలాడాలమ్మా! నేల మీద ఉన్నంతసేపూ వదులుగానే ఉంటుంది. చక్రం గుంతలోకి దిగినప్పుడు ఇక చాలని పట్టి ఆపేది అదే. అది లేకపోతే ఆ బరువంతా షాకు మీద పడి ఊడొచ్చేస్తుంది. నన్ను చంపుదామనుకున్నావా?"

"నిన్ను బతికించుకుందామనుకున్నానే!"

పిడుగు తెగిన బెల్టుని తల్లి ముందుకి చాపింది.

"ఇన్నాళ్లూ దీని కింద దొర్లాను. పడిపోతుంది, విరిగిపోతుంది, ఊడిపోతుంది అన్నావే గానీ, ఇదేంటమ్మా, ఇది ఏం చేస్తుంది అని ఒక్కసారైనా అడిగావా?"

లేదు, అడగలేదు. భయపడటంలో అడిగే తీరిక దొరకలేదు. తల్లి కళ్లు నీళ్లతో నిండిపోయాయి.

షెడ్డుకి ఆనుకున్న గది కిటికీలోంచి ముసలి గొంతు పలికింది. "ఏమే పిడుగూ, దాన్నేమీ అనకు. అది కోసింది తన తోడబుట్టినదాన్నే. ఈ ఇంట్లో అందర్నీ ఇక చాలు అని పట్టి లాగేది ఎవరంటావ్?"

పిడుగుకి ఏడుపులో నవ్వొచ్చింది. తల్లికి ఉక్రోషం వచ్చింది. "అత్తయ్యా, మీరు కూడానా!" అంటూనే తెగిన బెల్టు అందుకుంది. వేళ్లు వాటంతట అవే కుట్టు తడిమాయి. మడత మీద మడత పట్టీ, చివర్లలో అడ్డంగా నిలువుగా కుట్టు.

"దీనికి నా మిషను మీద కుట్టు పడుతుంది. పట్టీ కూడా ఉంది. కానీ... నా కుట్టు నమ్ముతావా?"

"బరువు వేలాడదీసి చూస్తాను. ఆగితే నమ్ముతాను."

ఆమె జీవితంలో అంత శ్రద్ధగా ఏదీ కుట్టలేదు. కుట్టు మీద కుట్టు, దాని మీద ఇంకో కుట్టు. భయం మొత్తం దారంలోకి ఎక్కించింది. పిడుగు బెల్టు బిగించి, మళ్లీ జాకీ మీద బండిని లేపింది.

అప్పుడు చూసింది తల్లి. పైన బండి పైకి లేస్తోంది, చక్రం మాత్రం నేలని వదలటం లేదు. జానెడు దిగింది. ఇంకా దిగింది. మూరెడు దిగింది. అప్పుడు బెల్టు బిగుసుకుంది. చక్రం నేల వదిలి గాల్లో ఆగిపోయింది. పిడుగు ఇరుసు మీదెక్కి తొక్కింది, ఊగింది. కుట్టు కిమ్మనలేదు.

"చక్రం అంత దూరం పోతే, బండి ఎందుకు వంగటం లేదే?"

"అదేనమ్మా ఇన్నాళ్లూ నేను చేసింది," అంది పిడుగు మెల్లగా.

ముసలామెని ఒప్పించడానికి ఎవరూ కష్టపడలేదు. "కోడలు కుట్టిందిగా, ఎక్కుతాను. ఊడితే దాన్నే తిట్టుకుంటూ పోతాను," అంది. వెనక పరుపు మీద పడుకోబెట్టారు. తల్లి ఆమె తలని ఒళ్లో పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుంది.

బండి కదిలింది. కేక వస్తుందని చెవులు రిక్కించింది. రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. ఒక కన్ను తెరిచింది. బయట పెద్దబండ మలుపు! తల బయటపెట్టి చూస్తే, ముందు చక్రం బండ మీదికి ఎక్కుతోంది, వెనకది గుంతలోకి దిగుతోంది. చక్రాలు నాలుగూ నాలుగు దిక్కులకి తలో నాట్యం ఆడుతున్నాయి. వాటి మీద బండి మాత్రం నీళ్లమీద పడవలా మెత్తగా తేలుతోంది. ఒళ్లో తల రవ్వంత కూడా చెదరలేదు. ఇంత పెద్ద కొండని, ఇన్ని రాళ్లని, తన పిల్ల దిండు కింద దాచేసినట్టు దాచేసింది.

అంతలో ఒళ్లోకి చూసింది. అత్తగారు అసలు కదలటం లేదు. గబుక్కున వేలు ఆమె ముక్కు కింద పెట్టింది.

వెచ్చటి ఊపిరి. దాని వెనకే సన్నటి గురక.

నొప్పితో ఇన్ని నెలలుగా కంటిమీద కునుకు లేని మనిషి, ఈ దారిలో, ఈ బండల మీద నిద్రపోతోంది. తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి.

"అమ్మా, మాట్లాడవేం? భయమేస్తోందా? ఆపనా?" ముందు నుంచి పిడుగు అడిగింది.

ఏళ్ల తరబడి నాలుక చివర్న ఉండే 'ఆపు' అన్న మాట ఆమెకి ఎంత వెతికినా దొరకలేదు.

"హుష్... మీ నానమ్మ లేస్తుంది," అంది గుసగుసగా. "ఆపకు. పోనీ."