మూలగది ఆవిడ పట్టుగౌను

ఆ పాత మేడను మ్యూజియం చేసి చాలాకాలమైంది గానీ, పై అంతస్తు మూలగదికి మాత్రం చెడ్డపేరు పోలేదు. మగవాళ్ళనేమీ చెయ్యదట. ఆడవాళ్ళు అడుగుపెడితేనే వెనకనుంచి ఎవరో జడ పట్టి లాగినట్టుంటుందట. ఆ ఇంటి ఇల్లాలు పోయి నెల తిరక్కుండానే మొగుడు ఇంకోదాన్ని తెచ్చి అదే గదిలో పెట్టాడు మరి... కడుపుమంట ఊరికే చల్లారుతుందా!

ఇప్పుడా గదిలో ఆ ఇల్లాలి బొమ్మను నిలువెత్తున నిలబెట్టారు. దానికి బట్టలు కుట్టే పని ఊళ్ళో టైలరుకు దొరికింది.

టైలరు భార్యకు అక్కడే ఒళ్ళు మండింది. తన జాకెట్టు హుక్కుల్లేకుండా ఏడాదిగా మూలపడి ఉంది. ఆ పైనున్నదానికేమో పట్టుగౌను, చేతులకు లేసులు! అన్నం తింటూ కూడా, "ఆవిడకు మెడ కాస్త దించాలి" అని తనలో తనే నవ్వుకుంటాడు. ఆవిడట, ఆవిడ! బొమ్మను ఎవరైనా ఆవిడ అంటారా? అక్కడ ప్రాణమున్నది ఎవతో ఉండే ఉంటుంది.

ఓ సాయంత్రం, మూసేవేళకు, టిక్కెట్టు కొనుక్కుని మరీ లోపలికి వెళ్ళింది. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కింది. మూలగది తలుపు ఓరగా ఉంది. తెర వెనక మొగుడి నీడ... దాని ముందు ఇంకో నీడ—ఆడమనిషిది.

గుసగుస.

"ఇంటికి పోకు... ఇక్కడే ఉండిపో."

ఒక్క ఊపున తెర లాగేసింది. "ఎవతండీ అది?"

మొగుడు, బొమ్మ. మరో నరమానవుడు లేడు.

బిత్తరపోయిన టైలరు పెదాల మధ్య బిగించిన గుండుసూదులన్నీ అరచేతిలోకి తీసుకున్నాడు. "ఇక్కడెవరున్నారే?"

"మరి... దీనిమీద ఎందుకంత మోజు?"

అతను సిగ్గుపడ్డాడు. "పిచ్చిమొహమా, తల తప్ప ఇదంతా ఉత్త కర్ర. ఒంటికి కొలతలు కావాలిగా. పెళ్ళైన కొత్తలో నీకు కుట్టాను చూడు... అవే గుర్తున్నాయి. దూది కూరి అచ్చం నీలాగే చేశాను."

ఆమె మనసు వెన్నలా కరిగిపోయింది. అనుమానం చెవులకు కూడా పట్టిందేమోనని తన్ను తనే తిట్టుకుంది. గౌను భుజం సవరిస్తూ, కాస్త గర్వంగానే నిలబడింది. అతను సూదులు మళ్ళీ పెదాల మధ్య పెట్టుకుని, అంచు మడవడానికి కింద కూర్చున్నాడు. ఇక మాట్లాడే వీల్లేదు.

అప్పుడు... ఆమె చెవి పక్కనే... చల్లగా—

"అంటే... ఇన్నాళ్ళూ అతను తలుచుకున్నది నిన్నా?"