చెల్లె అనని పెద్దమనిషి

"ఓ పేపరాయనా, నడుమ ఒక ముక్క మింగినవ్."

తాండూరు స్టేషను వెనుకనున్న వృద్ధుల మందిరంలో, పద్నాలుగు మంది సభ్యులు వింటుండగా, భీమమ్మ మొగులప్పతో అన్న మొదటి మాట ఇది.

మొగులప్పకు అరవై ఒకటి. ముప్పై ఏళ్లు నాపరాళ్లు కొలిచి రిటైరైన మనిషి. హైదరాబాదు నుంచి మధ్యాహ్నపు బండిలో వచ్చే పత్రికను రోజూ మూడు గంటలకు మందిరంలో బిగ్గరగా చదివి వినిపించేవాడు. అంతవరకు ఆయన చదువును తప్పుపట్టినవారు లేరు.

"ఏం ముక్క?" అన్నాడు, కళ్లద్దాల మీదుగా చూస్తూ. ఎదుట కొత్త మెంబరు. నెరసిన జుట్టు, నూలు చీర, ఒళ్లో తోలు సంచి.

"కుటుంబ నియంత్రణ అని మొదలువెట్టి, గొంతు సవరించుకొని, బెల్లం ధర మీదికి దుంకినవ్. నడుమ ఏమున్నది?"

"ఆడవాళ్లున్నరని..."

"ఆడోళ్ల ముచ్చట ఆడోళ్లుంటే చదువవా? వికారాబాద్ దవాఖానల ముప్పై ఏండ్లు పురుళ్లు పోసిన. నాకు తెల్వందేముంటది గందుల? చదువు."

చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి కాని అక్షరం విడిచిపెట్టలేదు. దేవుడు లేడని నిండు సభలో వాదించగలిగినవాడు, ఒక చిన్న వార్తకు జంకినందుకు తనమీద తనకే చిరాకు వేసింది.

అప్పుడు బాల్‌రాజ్ లేచాడు. మిల్లు యజమాని, మందిరానికి తన పాత గోదామును ఇచ్చినవాడు, కనుక ఎన్నిక లేకుండానే సెక్రటరీ.

"మొగులన్నా, 'తప్పైంది చెల్లె' అను. అయిపోతది."

అలా అనమనడానికి ఆధారం గోడమీద ఉంది. 'మందిరమందు స్త్రీ పురుషులు అన్న, తమ్ముడు, అక్క, చెల్లె అను వరసలతోనే పిలుచుకొనవలెను' అని ఆయనే నీలిరంగుతో రాయించాడు. ఆ రోజుల్లో ఆడా మగా ఒకే కప్పు కింద కూర్చొని గవ్వలు వేసి పచ్చీసు ఆడాలంటే ఊరికి ఏదో ఒక హామీ ఇవ్వాలి. నోటితో ఒక వరస పలికితే మనసు ఆ వరసలోనే నడుస్తుందని బాల్‌రాజ్ నమ్మకం. దానికి రుజువేమీ లేదని మొగులప్పకు తెలుసు. అయినా అంతవరకు అందరితోపాటు తానూ పాటిస్తూనే వచ్చాడు.

"తప్పైంది, భీమమ్మగారూ," అన్నాడు.

బాల్‌రాజ్ దగ్గాడు. మొగులప్ప పేజీ తిప్పాడు.

రెండు నెలలు గడిచాయి. శాంతవ్వను అక్క అన్నాడు, జంగమ్మను చెల్లె అన్నాడు. భీమమ్మ ఒక్కతే 'గారు'గా మిగిలింది. ఆమె కూడా ఆయనను ఏనాడూ అన్నా అనలేదు. పేపరాయనా అనే పిలిచేది.

జనవరిలో ఒకనాడు, పచ్చీసు గుడ్డకు అటూ ఇటూ ఇద్దరే కూర్చొని ఉండగా, గవ్వలు గుప్పిట్లో ఆడిస్తూ అడిగింది.

"అందర్ని అక్క అంటవ్, చెల్లె అంటవ్. నన్ను గారు అంటవ్. నేనేమన్న కలెక్టర్నా?"

"కాదు."

"మరి?"

మొగులప్ప తన కాయలను సరిచేశాడు. సరిగ్గా ఉన్నవాటినే మళ్లీ సరిచేశాడు.

"బండలు కొలిచినోన్ని. తప్పు కొలత రాసే అలవాటు లేదు," అన్నాడు.

గవ్వల చప్పుడు ఆగిపోయింది. ఇరవై ఏళ్లకే భర్త పోయాక, ఎందరో పసివాళ్ల తొలి ఏడుపు విన్న మనిషి. ఒక పూర్తికాని వాక్యాన్ని పోల్చుకోలేదా? గవ్వలు గుడ్డమీద పెట్టి, సంచి తీసుకొని వెళ్లిపోయింది.

మొగులప్ప ఆ సాయంత్రమంతా తనను తాను తిట్టుకున్నాడు. భార్య పోయిన తొమ్మిదేళ్లలో అన్నం సరిగ్గా ఉడికిందో లేదో చెప్పేవారు కూడా లేరని ఏనాడూ దిగులుపడలేదు. ఆ సాయంత్రం పడ్డాడు.

మరునాడు మూడు గంటలకు భీమమ్మ వచ్చింది. వెనుక కూర్చుంటే సరిగా వినబడడం లేదంటూ మొదటి వరుసలోకి మారింది. వీధి చివర పసిపిల్ల ఏడిస్తే ఆకలి ఏడుపో కడుపునొప్పి ఏడుపో చెప్పగల చెవులు ఆమెవి. ఆ సంగతి తెలిసిన శాంతవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏందక్కా నవ్వుతవ్?" అంది భీమమ్మ.

"ఏం లేదు బిడ్డా. చెవుడు జల్ది ముదిరిందని."

1962 ఫిబ్రవరి వచ్చింది. మకరరాశిలో ఎనిమిది గ్రహాలు కలుస్తాయనీ, అయిదో తేదీ సోమవారం సాయంత్రం అయిదున్నరకు లోకం మునుగుతుందనీ దేశమంతా వణికింది. బాల్‌రాజ్ మందిరంలో మూడు రోజుల భజన పెట్టించాడు.

శనివారం మొగులప్పను పక్కకు పిలిచాడు.

"అన్నా, లోకం పోయేముందు మనసులు శుద్ధి చేసుకోవాలె. సోమవారం ఆడోళ్లు మగోళ్ల చేతికి పసుపు దారం కడ్తరు, అన్నచెల్లెండ్ల వరస. నీకు భీమమ్మ కడ్తది."

"జంగమ్మ కట్టదా?"

"నీకు భీమమ్మనే కట్టాలె." గొంతు తగ్గించాడు. "ముందు వరుస ముచ్చట నాకు తెల్వదనుకున్నవా? ఊరు నవ్వుతది. కట్టించుకోకుంటే ఇద్దరి పేర్లు కొట్టేస్త. పచ్చీసు లేదు, పేపర్ లేదు."

"ఎల్లుండి లోకమే మునుగుతుంటే, పేర్లు కొట్టేసుడు ఎందుకు తమ్మీ?"

బాల్‌రాజ్ కండువా దులుపుకొని వెళ్లిపోయాడు.

సోమవారం అయిదు గంటలకు మందిరం నిండింది. తాళాలు మోగుతున్నాయి, కర్పూరం వెలుగుతోంది. ఒక్కొక్కరి చేతికీ దారం పడుతోంది. పళ్లెం భీమమ్మ ముందుకు వచ్చింది. ఆమె ఒక దారం తీసుకొని మొగులప్ప ఎదుట నిలబడింది. ముఖంలో ఏ సంగతీ తెలియనివ్వలేదు.

మొగులప్ప చెయ్యి చాపలేదు.

"అన్నా, టైమ్ అయితున్నది," అన్నాడు బాల్‌రాజ్.

"టైమ్ ఏం కాదు. రేపు బండి వస్తది, బండిల పేపర్ వస్తది," అన్నాడు మొగులప్ప. తాళాలు ఒక్కొక్కటిగా ఆగాయి. "నిజంగ లోకం మునిగేటట్టుంటే నేను గీ దారం కట్టించుకుందును. అర్ధగంట ముచ్చట, నీ మాట ఎందుకు తీసెయ్యాలె? కాని మునగదు. నాకు ఇంక పదేండ్లో పదిహేనేండ్లో ఉన్నయి. అన్నేండ్లు తప్పు కొలత మోసుకొని తిరగలేను."

అని, భీమమ్మవైపు తిరిగాడు.

"లోకం మునుగుతదని భయపడి అడుగుతలేను. మునగదు గనుకనే అడుగుతున్న. ఉన్నన్ని దినాలు నాతోని ఉంటవా?"

ఆయన ఆమెను 'నువ్వు' అన్నది అదే మొదలు.

భీమమ్మ చేతిలోని దారాన్ని వెలుగుకెత్తి చూసింది. పేట గట్టిగా ఉందో లేదో లాగి చూసింది. తరువాత దాన్ని చుట్టగా చుట్టి సంచిలో వేసుకుంది.

"గదేంది అక్కా?" అన్నాడు బాల్‌రాజ్.

"నీ కోడలికి గీ వారమే నెలలు నిండుతున్నయి తమ్మీ. బొడ్డుకు కట్టనీకి దారం కావాలె గద. ఉడకబెట్టి పెడ్త. పుట్టేటోళ్లకు గ్రహాలతోని పనిలేదు." అని మొగులప్పవైపు చూసింది. "నడువు బావా. గీ పొగల కండ్లు మండుతున్నయి."

బావా అన్న మాట గోదాము రాతిగోడలకు తగిలి అందరి చెవులకూ చేరింది. గోడమీది నీలిరంగు రాతలో ఆ వరస లేదు.

వాళ్లు గడప దాటేసరికి అయిదున్నర. పడమట సూర్యుడు మామూలుగానే దిగుతున్నాడు. సంతకు వచ్చిన ఎడ్లబండ్లు పెద్దేముల్ బాట పట్టాయి. ఒక ఎద్దు ఆగి పేడ వేసింది. ప్రళయం అంతటితో ముగిసింది.

మంగళవారం ఉదయానికి ఇద్దరి పేర్లూ కొట్టేసి ఉన్నాయి. మూడు గంటలకు మొగులప్ప మందిరం ఎదురుగా, వీధికి అవతల, నాపబండ మీద కూర్చొని పత్రిక విప్పాడు. పక్కన భీమమ్మ. రెండో వార్తకు శాంతవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చి కూర్చుంది. నాలుగో వార్తకు గోదాములో బాల్‌రాజ్ ఒక్కడే మిగిలాడు. ఆయన కూడా కిటికీ తెరిచే ఉంచాడు.

పత్రిక అయిపోయాక మొగులప్ప జేబులోంచి ఇంకో కాగితం తీశాడు. వికారాబాదు రిజిస్ట్రారు ఆఫీసులో రేపు ఇవ్వబోయే పెళ్లి నోటీసు. ముప్పై రోజుల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చునన్న వాక్యం దగ్గర కిటికీవైపు చూసి, గొంతు పెంచి మరీ చదివాడు. కిటికీ మూసుకోలేదు.

"వరుడు మొగులప్ప, వయసు అరవై ఒకటి. వధువు భీమమ్మ, వయసు యాభై ఆరు."

"యాభై ఆరని గంత గట్టిగ చదవాల్నా బావా?"

"ముక్కలు మింగొద్దని నువ్వే అన్నవ్," అన్నాడు మొగులప్ప.