మార్దవి వడపోసిన కేక

తొమ్మిదిన్నరకల్లా నీలవేణి పద్నాలుగు కోపాలను మెత్తబరిచి పంపేసింది. నిజానికి మెత్తబరిచేది మార్దవి అనే యంత్రం. దాని ముందు కూర్చుని ‘సరే’ నొక్కడమే ఆమె ఉద్యోగం. “నీకు బుర్రుందా?” అని ఒకరు అరిస్తే, “మీ ఆలోచనను మరికొంత వివరిస్తారా?” అని అవతలివాళ్లకు చేరుతుంది. ఊరికొకరుగా ఎక్కడివాళ్లక్కడే ఉండి పనిచేసే రెండు వందల మంది మధ్య మూడేళ్లుగా ఒక్క గొడవా లేదు. సామరస్యాంకం తొంభై తొమ్మిది. అందుకు ఏటా ఒక సభ, ఒక శాలువా. సిగ్గులేని సంత!

పదిహేనో సందేశం అరకు కొండల కింద తవ్వుతున్న సొరంగం నుంచి వచ్చింది. లోపల ఉండే మనిషి పైడిరాజు ఒక్కడే. అతని పక్కన కొండను తొలిచే యంత్రాన్ని కడపలో తన ఇంట్లోంచి అనసూయ నడుపుతుంది. ఒకరి గొంతు ఒకరు ఎన్నడూ వినలేదు.

“ఓలమ్మా, మిషనాపు! గోడలోంచి నీరు తన్నుకొచ్చేస్తంది. నాను సచ్చిపోతే నువ్వొచ్చి మోస్తావేటి?”

అది మూలస్వరం. మార్దవి దాన్ని వడపోసింది: “గోడ వద్ద తేమ గమనించాను. వీలు చూసుకుని పరిశీలించగలరు. మీ సహకారానికి ధన్యవాదాలు.”

అలవాటుగా ‘సరే’ మీదికి వెళ్లిన నీలవేణి వేలు ఆగిపోయింది. ఆమెకు ఒళ్లు మండింది. మునిగిపోయేవాడి చేత ధన్యవాదాలు చెప్పిస్తోంది ఈ దరిద్రపు యంత్రం! వెంటనే సామరస్యాధికారి చక్రధర్‌కు ఫోన్ చేసింది.

“సార్, మూలస్వరమే పంపేస్తాను.”

“తొందరపడకండి నీలవేణి గారూ. ఆవిడ నొచ్చుకుంటే అంకం పడిపోతుంది. ‘దయచేసి’ పక్కన ‘త్వరగా’ అని చేర్చండి, చాలు.”

“మీ అంకం తగలెయ్య!” అని ఆమె ఆ కేకను ఉన్నదున్నట్టు కడపకు వదిలింది.

కొండను తొలిచే యంత్రం ఆగింది. పైడిరాజు మోకాలి లోతు నీళ్లలో పడుతూ లేస్తూ బయటికి వచ్చాడు. అతనికీ అనసూయకూ మధ్య వడపోత లేని మార్గం ఇంకా తెరిచే ఉంది.

“నీకు నోరు లేదా ఏమప్పా?” అంది అనసూయ. “మూడేండ్ల నుంచి నువ్వు పంపేటివన్నీ దండాలే గదా! ఇట్ల ముందే అరిచింటే ఎప్పుడో ఆపింటాను గదా!”

“నాను రోజూ తిడతానే ఉన్నానమ్మా,” అన్నాడు పైడిరాజు రొప్పుతూ. “మూణ్ణెల్ల నుంచి గోడ చెమ్మగుందని నెత్తీ నోరూ కొట్టుకుంటన్నాను.”

నీలవేణికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ మూణ్ణెల్ల తిట్లన్నిటికీ ‘సరే’ నొక్కింది తనే.

ఫోన్లో చక్రధర్ అరుస్తున్నాడు, అదీ అంకం గురించే. ఆమె వినిపించుకోలేదు. పాత సందేశాలు దాచిన భాండాగారం తెరిచింది. మూడేళ్ల మూలస్వరాలు, రెండు వందల మందివీ, ఎవరికి చేరాల్సినవి వాళ్లకు పంపేసింది. వాటిలో ఎక్కువ చక్రధర్ తిట్టినవే.