ప్రొఫెసర్ చెవిలో బాంబు

"ప్రొఫెసర్ టాల్విక్. ఎస్టోనియా మనిషి. ఆయన అల్లిన సీక్రెట్ కోడ్ ఇంతవరకు ఎవరికీ లొంగలేదు. అందుకని ఆయన్నే ఎత్తుకుపోదామని ఒక ముఠా తిరుగుతోంది," అన్నాడు చీఫ్ సెఫాయ్.

"ఎక్కడైనా దాచేద్దాం సర్."

"దాగడే! మాల్టా పక్కనున్న గోజో ద్వీపం చూడాలట. అందుకే టూరిస్టు బస్సు ఎక్కిస్తున్నాం. నువ్వు గైడ్‌వి. లివియా ప్రయాణికురాలి వేషంలో ఉంటుంది. సాయంత్రం మాల్టా వచ్చే ఫెర్రీలో క్షేమంగా కూర్చోబెట్టు, చాలు."

ఏజెంట్ మార్తీస్ రెఫాలోకి ఇది సెలవులా తోచింది. గోజో ఆమె పుట్టిన ద్వీపం. బస్సు డ్రైవర్ వెన్జు వాళ్ల ఊరివాడే. చిన్నప్పుడు ఆమెను ఎత్తుకుని తిప్పినవాడు. లివియా సంగతి సరే సరి. రోమ్ ఆఫీసు పంపిన ఏజెంట్, రెండు మిషన్లలో ఆమె పక్కనే ఉండి తూటాలకు ఎదురు నిలిచిన మనిషి. ఎర్రటి వెడల్పు టోపీ పెట్టుకుని వస్తే బస్సంతా తల తిప్పి చూసింది.

సముద్రం ఒడ్డున ఉప్పుమడుల దగ్గర దిగారు. ప్రొఫెసర్ మురిసిపోయి ఒక ఉప్పు పొట్లం కొన్నాడు.

"మీ చెవి మిషను గుయ్‌మంటోంది ప్రొఫెసర్ గారూ, ఇలా ఇవ్వండి," అంది లివియా. తీసుకుని, తుడిచి, తన చేత్తోనే మళ్లీ ఆయన చెవిలో పెట్టింది. తర్వాత మార్తీస్ పక్కకొచ్చి, అలలను చూస్తూ గొంతు తగ్గించింది.

"మార్చేశాను. ఇప్పుడు ఆయన చెవిలో ఉన్నది నాది. కందిగింజంత బాంబు. మీట ఈ ఉంగరంలో ఉంది."

మార్తీస్ చెయ్యి జాకెట్ లోపలికి కదిలింది.

"వద్దు డియర్. నీ పిస్టల్ కంటే నా వేలే దగ్గర. రేవులో మా బోటు ఉంది. అక్కడిదాకా గైడ్ మాటలు తప్ప నీ నోట ఇంకో మాట రాకూడదు." మార్తీస్ పిస్టల్, ఫోను లివియా సంచిలోకి వెళ్లిపోయాయి.

"ఎప్పట్నుంచి, లివియా?"

"మనం కలవక ముందునుంచే."

బస్సు మళ్లీ కదిలింది. దారిలో పోలీసు కానిస్టేబుల్ చెయ్యి ఊపాడు. మార్తీస్ కూడా ఊపింది. అంతకుమించి చేయగలిగిందేమీ లేకపోయింది.

భోజనాల దగ్గర రొట్టె, కేపర్లనే ఊరబెట్టిన మొగ్గలు, గొర్రెపాల జున్ను వచ్చాయి. మార్తీస్ మైకు తీసింది. "ఈ జున్ను మాల్టాలో పుట్టింది. గోజోవాళ్లు వాళ్లను చూసి నేర్చుకున్నారు."

వెన్జు నమలడం ఆపాడు. "ఏంటమ్మాయ్, ఎండదెబ్బ తగిలిందా?"

"నిజమే బాబాయ్. మా అమ్మ కూడా మాల్టా జున్నే కొనేది." అర్థం చేసుకోమన్నట్టు ఆయన కళ్లల్లోకి చూసింది. వాళ్లమ్మ జున్ను చేయని రోజంటూ లేదు; అది ఆయనకూ తెలుసు.

ఆయన ముఖం ఎర్రబడింది. "ఆమె చేతి జున్ను తిని పెరిగిన నోరేనా ఇది? ఛీ!" రొట్టె బల్లమీద పడేసి, పోయి బస్సులో కూర్చున్నాడు. ఇక ఆమె వైపు చూస్తే ఒట్టు.

"ఇంటి గొడవా?" అంది లివియా నవ్వుతూ. రోమ్ మనిషికి ఏం తెలుస్తుంది! తెలియాల్సిన మనిషికి కూడా తెలియలేదు.

రేవు వచ్చేసింది. తెల్లటి బోటు ఇంజను ఆన్ చేసుకుని సిద్ధంగా ఉంది. "ఫెర్రీలో రద్దీ ఎక్కువ, మా స్నేహితుల బోటులో వెళ్దాం రండి," అని లివియా ప్రొఫెసర్ మోచెయ్యి పట్టుకుని లేపింది. ఆయన సంతోషంగా లేచాడు.

మార్తీస్ దగ్గర ఉపాయం లేదు. మైకు మాత్రం ఉంది. "చివరి మాట. పొద్దున మనం చూసిన షెవ్కీయా చర్చి గుమ్మటం ఉందే, అది గోజోవాళ్ల వల్ల కాక మాల్టా మేస్త్రీలతో కట్టించారు."

"మా నాన్న రాళ్లు మోశాడే దానికి!" వెన్జు గావుకేక పెట్టాడు. "ఊరుకుంటుంటే రెచ్చిపోతున్నావ్! తప్పయిందని చెప్పేదాకా తలుపు తియ్యను!" అరచెయ్యి హారన్ మీద వేసి అలాగే అదిమిపట్టాడు.

రేవంతా దద్దరిల్లింది. ప్రయాణికులు చెవులు మూసుకున్నారు. "తలుపు తియ్!" అని లివియా డ్రైవర్ మీదికి అరిచింది. ఆమె వెనక ప్రొఫెసర్ ముఖం చిట్లించి, చెవి మిషను పీకి, సీటు మీది ఉప్పు పొట్లంలో పడేశాడు.

మార్తీస్ చూసింది. దూకింది. లివియా ఉంగరం నొక్కేసింది.

ఠప్! ఉప్పు తెల్లగా బస్సంతా చిమ్మింది. మరుక్షణంలో లివియా చెయ్యి వీపు వెనక్కి మెలిపడి ఉంది. పేలుడు విని రేవు పోలీసులు పరిగెత్తుకొచ్చారు. బోటు మాత్రం నీళ్లు చీల్చుకుంటూ పారిపోయింది.

లివియాను తీసుకెళ్లాక మార్తీస్ మెట్టుమీద కూలబడింది. బాబాయ్ కోపం దిగమింగుకుని ఉంటే, ప్రొఫెసర్ ఈపాటికి ఆ బోటులో ఉండేవాడు. తను చేసిందేముంది?

"జరిగిందేంటో నాకర్థం కాలేదు గానీ," అన్నాడు వెన్జు, "ఆ గుమ్మటం మాట..."

"అబద్ధం బాబాయ్. అన్నీ అబద్ధాలే."

"ఆ ముక్క మధ్యాహ్నమే చెప్పి ఏడవొచ్చుగా!"

ప్రొఫెసర్ కోటుమీది ఉప్పు దులుపుకున్నాడు. చెవిలో మిషను లేదు కాబట్టి బస్సంతా వినపడేలా అడిగాడు: "ఆ ఎర్ర టోపీ ఆవిడ మనతో రారా? పాపం, ఇవాళంతా నన్ను జాగ్రత్తగా చూసుకున్నది ఆవిడొక్కతే!"