పొద్దు గూకాక వేసిన కూత

సుజనకు పిట్టల పిచ్చి. ఖమ్మంలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పడం ఆమె ఉద్యోగం. పిట్టల గొంతులు రికార్డు చేసుకోవడం ఆమె ప్రాణం. ఇంట్లో మాత్రం వినే నాథుడు లేడు. భర్త బసవపున్నయ్యకు పిట్ట అంటే కూరకు పనికొస్తుందా లేదా అన్నదొక్కటే లెక్క.

అందుకే ఇంటికి ఇంటర్నెట్ పెట్టించుకున్న 2007లో, తనలాంటి పిచ్చివాళ్ల గ్రూపు ఒకటి దొరికేసరికి పుట్టింటికి చేరినట్టయింది ఆమెకు. ఒకరు ఏదో గొంతు పెడతారు. పేరు ఇంకొకరు చెబుతారు. కూర్గులో కాఫీ తోటలున్న పెద్దాయన దగ్గర్నుంచి, కల్లూరులో పుట్టి పుణెలో ఉంటున్న ఉదయ్ భాస్కర్ దాకా అందరూ ఆమెకు చుట్టాలే. ముఖాలు తెలియని చుట్టాలు.

ఆ ఎండాకాలం తోటి లెక్చరర్ రూప్లి ఆమెను తమ తండాకు తీసుకెళ్లింది. కారేపల్లి దాటాక, అడవి అంచున. బీడీలకు తునికాకు కోసే రోజులు. ఇళ్ల ముందు ఆరబోసిన ఆకు నుంచి వెచ్చటి పసరు వాసన వస్తోంది. ఆకు కోసేవాళ్లు అడవిలో ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు, కూత వేస్తారు. ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు కూత. పొద్దు గూకితే మాత్రం ఎవరూ నోరెత్తరు. ఇంకా అడవిలో ఉన్నవాళ్లకు దారి తెలియాలని ఇంటి ముందు ఇత్తడి పళ్లెం కొడతారు.

ఆ సాయంత్రం పళ్లెం కొడుతున్నది రూప్లి చిన్నాయన బిడ్డ పుష్ప. పదిహేనేళ్ల పిల్ల. సుజనకు చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది, నవ్వింది, ఒక్క మాటా అనలేదు. పాపం, మూగపిల్ల అనుకుంది సుజన.

వెలుగు ఎర్రబారి, నల్లబడింది. అప్పుడు వినపడింది.

కూ... ఊఁ... కూ...

గుడ్లగూబ కాదు. పైడికంటి పిట్ట కాదు. ఇన్నేళ్లలో ఎన్నడూ వినని గొంతు. సుజన రికార్డర్ పైకెత్తింది. ఒళ్లు పులకరించింది.

"ఏం పిట్టే ఇది?"

"లోపలికి నడువ్." రూప్లి గొంతు తగ్గించింది. "పిట్ట లేదు, గిట్ట లేదు. జల్దీ రా. నోరు తెరువకు."

"నేను నోరు తెరవనులే."

తెరవలేదు. పిట్టల పిచ్చివాళ్లకు ఒక అలవాటుంది. రికార్డు చేసిన గొంతును అక్కడే తిరిగి వినిపిస్తారు. తన జాతిదే అనుకుని పిట్ట దగ్గరికొస్తుంది. సుజన బటన్ నొక్కింది.

కీచురాళ్లు ఆగిపోయాయి. గాలి కూడా...

కూ... ఊఁ... కూ...

ఈసారి ఆకు కల్లం అవతల నుంచి. ఎంత దగ్గరంటే, కూతకు ముందు పీల్చిన ఊపిరి కూడా వినపడింది.

రూప్లి రికార్డర్ లాక్కుంది. పుష్ప వంగిపోయి, ఏడుస్తూ, పిచ్చిపట్టినట్టు పళ్లెం బాదుతోంది.

తెల్లారి బస్సులో రూప్లి రికార్డర్ తిరిగిచ్చింది.

"అది పుష్ప కూత. దానికి నేనే నేర్పిన."

"మూగపిల్ల కదే!"

"మూగదా? మస్తు వాగేది. నిరుడు ఎండకాలం అడవిల ఎవరో కూతేసిన్రు. మా తాత గొంతు లెక్కనే ఉన్నదంట. ఇది జవాబిచ్చింది. గంతే. తెల్లారేసరికి గొంతు లేదు."

"గొంతెట్లా పోతుందే?"

"నాకేం ఎరుక? జవాబిచ్చినోళ్ల గొంతు పోతది, మా యాడి, మా అమ్మ, గట్లనే చెప్పింది. నువ్వు మిషన్ తోని జవాబిచ్చినవ్ గనుక బతికినవ్. తీసెయ్ దాన్ని."

"అవ్, తీసేస్తాలే," అంది సుజన, రూప్లి మాటలోనే.

తీసెయ్యలేదు. పేరు తెలియని గొంతు చేతిలో ఉంటే తీసేసేది ఏ పిట్టల పిచ్చిది? ఇంటికెళ్లగానే గ్రూపులో పెట్టింది. 'దీన్ని గుర్తుపట్టినవాళ్లకు నా దండం' అని రాసింది. గ్రూపు ఊగిపోయింది. కూర్గు పెద్దాయన పదే పదే విన్నానన్నాడు. వారం తిరక్కుండా ఉదయ్ భాస్కర్ రాశాడు.

'మేడమ్, మీ పిట్ట పుణెలోనూ ఉంది! బాల్కనీలో వినిపించాను, కింద నుంచి జవాబొచ్చింది. మా భార్గవికి ఆరేళ్లు. దానికీ కూత వచ్చేసింది. నిన్న సాయంత్రం రెండూ ఒకటే పోటీ.'

సుజన అతను గ్రూపులో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసింది. దీపాలు పెట్టే వేళ.

"పాప ఎలా ఉందండీ?"

"ఇదిగో, నా ఒళ్లోనే. పొద్దుట్నుంచి మాటే రావట్లేదు. ఐస్‌క్రీములు తిని గొంతు..." అతను ఆగాడు.

ఫోన్‌లో సుజనకూ వినపడింది. కింద, దూరంగా. కూ... ఊఁ... కూ... చిన్నపిల్ల గొంతు.

"ఇది మా పాప..." అన్నాడు మెల్లగా. "ఒళ్లోనే ఉంది కదండీ..."

"పలకొద్దు! తలుపు వేసుకోండి. ఏం పిలిచినా పలకొద్దు!"

కూత ఆగింది. ఆ వెనకే, బాల్కనీ పిట్టగోడ మీద నుంచి అన్నట్టు, చాలా దగ్గరగా...

"నాన్నా..."

"ఆఁ..." అన్నాడు ఉదయ్ భాస్కర్. కన్నవాడి నోట ఆలోచన కంటే ముందే వచ్చే మాట.

తర్వాత మాట లేదు. ఊపిరి ఉంది. గొంతులోంచి ఏదో లాగబోతున్నట్టు, ఉత్త గాలి... గాలి... ఫోన్ తెగిపోయింది.

సుజన రికార్డింగును గ్రూపులోంచి తీసేసింది. ఎవరూ వినిపించొద్దని రాసింది. మళ్లీ రాసింది. కూర్గు పెద్దాయన వెంటనే జవాబిచ్చాడు. 'కంగారు పడకండమ్మా, నా దగ్గర దాచుకున్నాను. అడిగినవాళ్లందరికీ పంపిస్తున్నా.'

బయట గేటు చప్పుడైంది.

"సుజన గారూ..."

ఉదయ్ భాస్కర్ గొంతు.

ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. అప్పుడు గుర్తొచ్చింది. వరండాలో పడక కుర్చీలో బసవపున్నయ్య ఉన్నాడు. పిట్టల సంగతి ఏనాడూ పట్టని మనిషి. ఆమె ఏదీ చెప్పని మనిషి.

"ఏవండీ, పలకొద్..."

"ఆఁ, ఎవరూ? లోపలుంది, రండి."

సుజన పరుగెత్తింది. ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఏదో చెప్పబోయాడు. పెదవులు కదిలాయి. ఒక చేత్తో మెడ తడుముకుంటూ ఆమెను వింతగా చూశాడు.

గేటు అవతల నుంచి, ముప్పై ఏళ్లుగా కాఫీ అడిగిన గొంతు తీరిగ్గా పిలిచింది.

"సుజనా... ఇట్లా రా..."

ఆమె వంటింట్లోకి ఉరికింది. చేతికందిన పళ్లెం, గరిటె తీసుకుని బాదింది. పుష్ప బాదినట్టే. వీధిలో కుక్కలు మొరిగాయి. ఎదురింటి లైటు వెలిగింది. చేతులు పడిపోయేదాకా బాది, ఆయాసంతో ఆగింది.

గేటు అవతల, అచ్చం ఆమె బాదిన తీరులోనే, పళ్లెం మోత మాత్రం ఆగలేదు.