ప్లేటుకి ఎనిమిది

"ఒసే రోజా, సంఘం మీటింగుకెళ్ళి వస్తన్నాను. బేసిన్లో నూటరవై పునుగులున్నాయి. ప్లేటుకి ఎనిమిది, ఇరవై రూపాయలు. పొయ్యి దగ్గరకెళ్ళకు," అంటూ రాజ్యం చెంగుతో చేతులు తుడుచుకుని బయలుదేరింది.

చోడవరం బస్టాండు పక్కనే వాళ్ళ పునుగుల బండి. రోజా అయిదో తరగతి. బడి నుంచి రాగానే అమ్మ పక్కన నిలబడి చట్నీ వెయ్యడం దాని పని. బండి మొత్తం చేతికి రావడం మాత్రం ఇదే మొదటిసారి.

అమ్మ అటు వెళ్ళిందో లేదో, ఇటు క్లాసు పిల్లలు దిగారు. అందరికంటే ముందు చిన్నతల్లి.

రోజా ఎనిమిది లెక్కపెట్టింది. స్నేహితురాలు కదా అని ఇంకో నాలుగు వేసింది.

"మీ అమ్మకంటే నీ చెయ్యే పెద్దదే," అంది చిన్నతల్లి.

"వాళ్ళమ్మ ఒక్కటి కూడా ఎక్కువెయ్యదు," అన్నాడు వెనకనున్న బాబీ.

రోజా కూడా వాళ్ళతో కలిసి నవ్వింది. పిల్లలు మునగచెట్టు ఎక్కిస్తుంటే ఈ గుంటపిల్ల హాయిగా ఎక్కేసింది. తర్వాత వచ్చినవాళ్ళందరికీ పన్నెండేసి. బాబీకైతే పదహారు. అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడమంటే ఇదే మరి.

రాజ్యం తిరిగొచ్చేసరికి బేసిను ఖాళీ.

"అన్నీ అమ్మేసేనమ్మా," అంది రోజా గర్వంగా.

రాజ్యం డబ్బాలో డబ్బులు లెక్కపెట్టింది. రెండువందల అరవై. మళ్ళీ లెక్కపెట్టింది.

"ఇరవై ప్లేట్లవ్వాల. నాలుగువందలుండాల. పదమూడు ప్లేట్ల డబ్బులే ఉన్నాయేటి?"

"ప్లేటుకి పన్నెండేసేను," అంది రోజా మెల్లగా.

రాజ్యం అరవలేదు. గిన్నెలో మిగిలిన పిండితో చిన్న వాయి వేసింది. అందులోంచి ఎనిమిది పునుగులు తీసి ప్లేటులో వరసగా పెట్టింది.

"ఇటు సూడు. ఈ మూడూ పప్పుకీ బియ్యానికీ. ఈ రెండూ నూనెకి. ఒకటి గేసుకి. ఒకటి ప్లేట్లకీ, పంచాయితీకి కట్టే ఆశీలుకీ. ఏటి మిగిలింది?"

"ఒకటి."

"అదొక్కటే మనది. నువ్వు నాలుగు ఎక్కువేసేవు. ఒకటి మనదే అనుకో. మిగతా మూడూ ఎవరివి?"

రోజా నూనె కింద పెట్టిన రెండు పునుగులనీ వేలితో ముట్టుకుంది. "రేపటి నూనెవి," అంది. ఆ మాట దాని నోటి నుంచే వచ్చింది, దానికే గుచ్చుకుంది.

బండి కట్టేసి ఇద్దరూ సత్యారావు కిరాణా కొట్టుకి వెళ్ళారు. కొట్టు నిండా జనం.

"ఏటి రాజ్యం, ఒక్క నూనె ప్యాకెట్టే? రోజూ రెండు కదా," అన్నాడు సత్యారావు అందరికీ వినపడేలా.

రాజ్యం తల వంచుకుంది. "ఈరోజు బేరం సరిగ్గా లేదు బాబూ."

బేరం బాగానే ఉంది. ఆ సంగతి రోజాకి తెలుసు. తప్పు తనదైతే తల వంచుకున్నది అమ్మ. ఆ అమ్మ ఒక్కటి కూడా ఎక్కువెయ్యదంటేనే కదా తను పిల్లలతో కలిసి నవ్వింది! నిజం చెప్పేద్దామనుకుంది. కానీ సిగ్గుతో కాలి బొటనవేలి వంక చూస్తూ నిలబడిపోయింది. దారంతా అమ్మ చెయ్యి పట్టుకోవడానికి కూడా మొహం చెల్లలేదు.

మర్నాడు నూనె తక్కువ కాబట్టి పిండీ తక్కువే కలిపారు. ఎప్పట్లాగే రాజ్యం తొలి వాయిలోంచి ఆరు పునుగులు తీసి రోజా తినడానికి పక్కన పెట్టింది. అంతలో చిన్నతల్లి వచ్చింది.

రోజా ఎనిమిది లెక్కపెట్టి ప్లేటు అందించింది.

"నిన్న పన్నెండేసేవు కదే," అంది చిన్నతల్లి గట్టిగా. వరసలో ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు. రాజ్యం గరిటె ఆపి చూసింది.

రోజాకి బండి కింద దూరిపోదామా అనిపించింది. దూరలేదు. తన ప్లేటు దగ్గరకి లాక్కుని, అందులోంచి నాలుగు తీసి చిన్నతల్లి ప్లేటులో వేసింది.

"నిన్నేసినవి మా అమ్మవే. అడక్కుండా ఇచ్చేసేను. ఇయి మాత్రం నావి."

మిగిలిన రెండూ నోట్లో వేసుకుని, తర్వాతి ప్లేటుకి ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టింది.